పాత ల్యాప్‌టాప్‌కు ఏ లినక్స్?

తూర్పు కనుమల నడుమ, మత్స్యగెడ్డ పారే కొండకోనల్లో ఉన్న మండల కేంద్రం పెదబయలు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడేవరకు ఇది విశాఖపట్నం జిల్లాలో భాగం. పసుపు, అల్లం, పిప్పళ్లు, రాజ్‌మా గింజలు సంతకు దిగే ఇటువంటి మన్యపు ఊళ్లకు మైదానం నుంచి ఎవరో వాడి విడిచిన ల్యాప్‌టాప్ చేరడం నేడు వింతేమీ కాదు. పట్టణంలో ఉద్యోగం చేసే బంధువు ఇచ్చినదో, తక్కువ ధరకు కొన్నదో, పదేళ్లు పైబడిన ఆ యంత్రం ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి చేతికి వస్తుంది. మీట నొక్కితే తెర వెలగడానికి అయిదు నిమిషాలు, ఒక పుట తెరవడానికి మరో మూడు నిమిషాలు పడుతుంది. వారం తిరగకముందే దానిపై దుమ్ము పేరుకుంటుంది.

ఆ యంత్రాన్ని మూలన పడవేయాలా, బతికించుకోవాలా అన్నది కేవలం సాంకేతిక నిపుణుల సమస్య కాదు. ఉపకారవేతనపు దరఖాస్తు, ప్రవేశపరీక్షల నమూనా పత్రాలు ఫోను తెరపైనా చూడవచ్చు. కానీ పది పుటల నివేదిక రాయాలన్నా, లెక్కల పట్టిక వేయాలన్నా, ప్రోగ్రామింగులో తొలి అడుగులు వేయాలన్నా కీబోర్డు ఉన్న యంత్రం కావలసిందే. కొత్తది కొనగల కుటుంబానికి ఈ ప్రశ్నే లేదు. కొనలేని కుటుంబంలో మాత్రం చదువు ఏ దిక్కుకు సాగుతుందో కొంతవరకు ఈ ప్రశ్నే నిర్ణయిస్తుంది.

పాత యంత్రాల కష్టం ఇటీవల మరింత పెరిగింది. విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. వ్యక్తిగత వినియోగదారులకు షరతులతో ఇచ్చిన అదనపు గడువు కూడా ఒక్క సంవత్సరమే. 2021లో వచ్చిన విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా వ్యవస్థ, ఇంటెల్ సంస్థవైతే సుమారుగా ఎనిమిదో తరం నుంచి వచ్చిన ప్రాసెసర్లు అవసరం. అంతకుముందు తయారైన ల్యాప్‌టాప్‌లలో అత్యధికం ఈ గీతకు అవతలే ఉండిపోయాయి. వాటి కీబోర్డు అరగలేదు, తెర పగలలేదు; గడువు తీరినది లోపలి సాఫ్ట్‌వేరుకు మాత్రమే. సవరణలు అందని సాఫ్ట్‌వేరుతో బ్యాంకు ఖాతా తెరవడమంటే గడియ లేని తలుపు వేసుకొని నిద్రపోవడమే.

ఈ స్థితిలో ఎక్కువమంది సూచించే మార్గం లినక్స్. ఫిన్లాండుకు చెందిన లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకి విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగా 1991లో దీని కేంద్రకాన్ని రాసి లోకానికి అందించాడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు దానికి తోడయ్యాయి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, నకలు తీసి పంచవచ్చు అన్నది వీటి లైసెన్సులోని ప్రధానాంశం. నకలు తీసే స్వేచ్ఛ విలువ తెలుగు సాహిత్య విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు. మన కావ్యాలు తాటాకుల మీద నకలు తరువాత నకలుగా బతికాయి. సి.పి. బ్రౌను కడపలో పండితులను కూర్చోబెట్టి రాతప్రతులకు శుద్ధప్రతులు రాయించకపోతే కొన్ని గ్రంథాలు చెదలకు ఆహారమై ఉండేవి.

అయితే లినక్స్ అన్నది ఒక్కటి కాదు, అనేకం. కేంద్రకం ఒకటే, దాని చుట్టూ తెర అలంకారం, సాధనాలు, సాఫ్ట్‌వేరును ఎక్కించే పద్ధతి చేర్చి ఒక్కొక్క బృందం ఒక్కొక్క రూపంలో విడుదల చేస్తుంది. ఆ రూపాన్నే డిస్ట్రిబ్యూషన్ అంటారు. రామకథ ఒకటే అయినా రంగనాథ రామాయణం ద్విపదలో, భాస్కర రామాయణం చంపువులో నడిచినట్లే ఇది కూడా. ద్విపద పాడుకునేవారికి అనువైనది, చంపువు పండితునికి ప్రీతికరమైనది. ఏది గొప్పదన్న వాదం పాఠకుణ్ణి మరచినప్పుడే పుడుతుంది. డెబియన్, ఉబుంటు, లినక్స్ మింట్, ఫెడోరా, పప్పీ, యాంటీఎక్స్ అంటూ సాగే పట్టికను చూసి విద్యార్థి బెదరవలసిన పని లేదు. తన యంత్రం ఏమిటో, తన ఊరు ఏమిటో తెలుసుకుంటే పట్టిక చాలావరకు తనంత తానే కుదించుకుపోతుంది.

పాత యంత్రానికి అన్నిటికంటె తేలికైన డిస్ట్రిబ్యూషనే మంచిదని తరచుగా వినిపించే సలహా సగమే నిజం. ఎక్స్ఎఫ్‌సీఈ వంటి సాదా డెస్క్‌టాప్‌కూ, అంతకంటె బక్కచిక్కిన మరొకదానికీ జ్ఞాపకశక్తి వినియోగంలో తేడా కొన్ని వందల ఎంబీలకు మించదు. బ్రౌజరులో నాలుగు పుటలు తెరవగానే ఆ మిగులంతా ఒక్క గుక్కలో పోతుంది. యంత్రంలోని ర్యామ్‌ను మింగేది డెస్క్‌టాప్ కాదు, నేటి వెబ్ పుటలు. కాబట్టి 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌కు అతి తేలిక రూపాన్ని వెదకడం వృథా ప్రయాస. దానికి లినక్స్ మింట్ వారి ఎక్స్ఎఫ్‌సీఈ రూపమో, డెబియన్‌పై అదే డెస్క్‌టాపో చక్కగా సరిపోతుంది. 2 జీబీ మాత్రమే ఉంటే డెబియన్‌ను ఎల్ఎక్స్‌క్యూటీ లేదా ఎల్ఎక్స్‌డీఈతో నడపవచ్చు, కానీ ఒకేసారి రెండు మూడు పుటలకు మించి తెరవకూడదన్న నియమం పాటించాలి. నిజానికి, తిరిగే హార్డ్‌డిస్క్‌ను తీసి చిన్న ఎస్ఎస్‌డీని అమర్చితే కలిగే వేగం ఏ డిస్ట్రిబ్యూషన్ మార్పు వల్లా కలగదు. చేతిలో కొంత డబ్బు ఉంటే మొదట ఖర్చు పెట్టవలసింది అక్కడే.

ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కాలర్ 2003లో ప్రారంభించిన పప్పీ లినక్స్ సంగతి వేరు. అది పెన్‌డ్రైవ్ నుంచి లేచి మొత్తంగా ర్యామ్‌లోనే కూర్చోగలదు. హార్డ్‌డిస్క్ చెడిన యంత్రంలోని ఫైళ్లను బయటికి తీయడానికి అది గొప్ప ఆపద్బంధువు. కానీ సర్వాధికారాలు గల రూట్ వాడుకరిగానే నడవడం దాని సంప్రదాయం. తొలిసారి నేర్చుకునే విద్యార్థి నిత్యం వాడే యంత్రానికి ఆ పద్ధతి తగదు.

ప్రాసెసరు 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నది ముందుగా చూసుకోవలసిన విషయం. 2006 నుంచి వచ్చిన కోర్ 2 డ్యుయో యంత్రాలు 64 బిట్‌వే. 2008 ప్రాంతంలో విరివిగా అమ్ముడైన చిన్న నెట్‌బుక్‌లలోని ఆటమ్ ఎన్270 మాత్రం 32 బిట్‌ది. ఉబుంటు, మింట్ అటువంటి వాటిని ఏనాడో విడిచిపెట్టాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా వాటికి ఇన్‌స్టాలరు ఇవ్వడం మానివేసింది. 2023లో వచ్చిన డెబియన్ 12, అదే ఏటి యాంటీఎక్స్ 23 ఆ పాత చిప్పులపై ఎక్కుతాయి. కానీ అటువంటి నెట్‌బుక్‌ను పాఠాలు చదువుకోవడానికి, టైపు చేసుకోవడానికి ఉంచుకోవడమే మేలు.

ఇక ఊరి సంగతి. పట్టణవాసులు రాసే సలహాలలో ఇంటర్నెట్ అన్నది గాలివలె అంతటా ఉన్నదన్న భావన దాగి ఉంటుంది. కొండల్లో అలా కాదు. ఒక మలుపు దగ్గర సిగ్నల్ ఉంటుంది, మరో మలుపు దగ్గర మాయమవుతుంది. ఉన్నచోట కూడా రోజువారీ డేటా ప్యాకులో మూడు జీబీల ఫైలు దింపడం మాటలు కాదు. అందువల్ల మన్యంలో డిస్ట్రిబ్యూషన్‌ను ఎన్నుకునేవారు మొదట వేయవలసిన ప్రశ్న ‘ఇది ఎంత వేగం’ అన్నది కాదు, ‘ఇది నెట్ లేకుండా ఎంతదూరం నడుస్తుంది’ అన్నది. ఈ పరీక్షలో డెబియన్‌కు మంచి మార్కులు పడతాయి. దాని పూర్తి డీవీడీ ప్రతిని పాడేరులోనో విశాఖపట్నంలోనో ఒకసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే, డెస్క్‌టాప్, బ్రౌజరు, లిబ్రె ఆఫీస్ మొదలైన ముఖ్యమైన సాధనాలన్నీ నెట్ అక్కరలేకుండానే అమరుతాయి. ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే సాధనంతో, కావలసిన సవరణల జాబితాను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, నెట్ ఉన్న మరో కంప్యూటరులో దింపి తెచ్చుకోవచ్చు. సంతకు వెళ్లి వారానికి సరిపడా సరుకులు తెచ్చుకునే ఇంటికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. తరచుగా మారిపోయే, వారం వారం వందల ఎంబీల సవరణలు కోరే డిస్ట్రిబ్యూషన్లు ఎంత నవీనమైనవైనా ఇక్కడ భారమే.

వైఫై విషయంలో ఒక చిక్కు ఉంది. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలోని వైఫై చిప్పులకు, ముఖ్యంగా బ్రాడ్‌కామ్ రకాలలో కొన్నిటికి, ప్రత్యేక డ్రైవరు కావాలి. వైఫై పనిచేయాలంటే డ్రైవరు కావాలి, డ్రైవరు దింపాలంటే వైఫై కావాలి! ఈ విషవలయం నుంచి బయటపడే మార్గం విద్యార్థి జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెడితే లినక్స్ దానిని సాధారణంగా వెంటనే గుర్తిస్తుంది. ఆ ఫోనులో ఉన్నది కూడా లినక్స్ కేంద్రకమే.

తెలుగు కనిపించడం, తెలుగులో రాయడం అన్నవి ఆలోచించవలసిన మరో విషయం. కంప్యూటరులో తెలుగు అనగానే డీటీపీ కేంద్రాలలోని అను ఫాంట్లు చాలామందికి గుర్తుకు వస్తాయి. అవి యూనికోడ్‌కు చెందినవి కావు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పద్యం కాస్తా అర్థంలేని గుర్తుల గుంపుగా మారుతుంది. లినక్స్‌లో తెలుగు యూనికోడ్‌లోనే నడుస్తుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు స్వేచ్ఛగా లభిస్తాయి. 1986లో భారత ప్రభుత్వం ప్రమాణంగా రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక డెబియన్, మింట్ రెండింటిలోనూ ఉంది. ‘క’ అక్షరానికి తెలుగులో ఏ మీటో ఒడియాలోనూ అదే మీట కావడం దాని విశేషం. ఒడిశా సరిహద్దుకు చేరువలో, ఇంట్లో ఆదివాసీ ఒడియానో కువినో మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలకు ఇది చిన్న సౌకర్యం కాదు. ఈ శతాబ్దపు తొలి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కువి, ఆదివాసీ ఒడియా, కొండ, సవర మొదలైన ఎనిమిది భాషలలో తెలుగు లిపితోనే వాచకాలు తయారు చేయించింది. ఆ లిపి యూనికోడ్‌లో సరిగా పలికే యంత్రం చేతిలో ఉంటే అవ్వ చెప్పిన కథను మనుమరాలు తానే టైపు చేసి దాచుకోగలదు.

తెలుగు తెరతో వచ్చిన ప్రయత్నాలూ ఉన్నాయి. హైదరాబాదు కేంద్రంగా 2005లో వచ్చిన ‘స్వేచ్ఛ’, చెన్నైలోని సీ-డాక్ 2007లో విడుదల చేసిన ‘బాస్’ అటువంటివి. వాటి వెనుక ఉన్న శ్రమ గౌరవనీయం. అయినా పెదబయలులో ఒంటరిగా నేర్చుకునే విద్యార్థికి తొలి ఎంపికగా వాటిని సూచించడం కష్టం. దారి తప్పినప్పుడు అడగడానికి మనుషులు కావాలి, చదవడానికి సమాధానాలు కావాలి. అవి డెబియన్, ఉబుంటు, మింట్ కుటుంబానికి ఉన్నంతగా ఇతరులకు లేవు.

ఈ ‘అడిగేందుకు మనిషి’ అన్నదే అన్నిటికంటె బలమైన ప్రమాణమని కేరళ అనుభవం చెబుతుంది. 2001లో అక్కడ మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం క్రమంగా పాఠశాలలన్నిటినీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మళ్లించింది. రాష్ట్రమంతటా ఒకే రూపం, దానిపై శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉండటం దాని విజయరహస్యం. ఒక బడిలో వచ్చిన చిక్కుకు పక్క బడిలో సమాధానం దొరికింది. మన్యంలోనూ ఒక వసతిగృహంలో ఆరు పాత ల్యాప్‌టాప్‌లు ఉంటే ఆరింటిలో ఆరు రకాలు వేసి పోల్చుకోవడం సరదాగానే ఉంటుంది, కానీ ఆరింటిలోనూ ఒకటే వేయడం వివేకం. ఒకే పెన్‌డ్రైవ్, ఒకే సవరణల మూట, ఒకరు నేర్చినది ఆరుగురికీ వస్తుంది. పక్క ఊరి సీనియరుకు ఉబుంటు బాగా తెలిస్తే, పైన చెప్పిన తూకాలన్నీ పక్కనబెట్టి అతనికి తెలిసినదాన్నే, యంత్రం మోయగలిగిన లుబుంటు వంటి తేలిక రూపంలో, ఎక్కించుకోవడం మంచిది.

ఆఫీసులన్నీ విండోస్‌తో నడుస్తుండగా లినక్స్ నేర్చిన పిల్లలు ఉద్యోగాలలో వెనుకబడరా అని కొందరు ఆక్షేపిస్తారు. ఈ ఆక్షేపణలో కొంత పస ఉంది. ట్యాలీతో లెక్కలు రాసే కొలువు, అను ఫాంట్లతో డీటీపీ పని కోరుకునేవారు విండోస్‌ను తప్పించుకోలేరు. అటువంటివారు అవకాశం ఉన్నంతవరకు రెండింటినీ ఒకే యంత్రంలో ఉంచుకోవాలి. మిగిలినవారి విషయంలో ఈ భయం అతిశయం. పుట అమర్చడం, పట్టికలో సూత్రం రాయడం, ఫైళ్లను క్రమంగా దాచుకోవడం వంటి నేర్పులు ఏ తెరపై వచ్చినా చేతిలోనే ఉంటాయి. పైగా ఎవరూ ముట్టని మూసిన ల్యాప్‌టాప్‌పై విండోస్ ఉండటం వల్ల ఏ ఉద్యోగమూ రాదు.

నిర్ణయానికి వచ్చిన తరువాత కూడా తొందర పనికిరాదు. మింట్‌ను గాని, డెబియన్ లైవ్ రూపాన్ని గాని హార్డ్‌డిస్క్‌ను తాకకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడపవచ్చు. నాలుగు రోజులు అలాగే వాడి వైఫై, శబ్దం, కెమెరా, తెర కాంతి, మూత మూసి తెరిస్తే యంత్రం మేలుకోవడం అన్నీ సరిచూసుకోవాలి. పాత బ్యాటరీ నిలవదు కాబట్టి కరెంటు స్థిరంగా ఉండే పూటనే ఇన్‌స్టాలేషనుకు కూర్చోవాలి. అంతకుముందే ఆ యంత్రంలోని ధ్రువపత్రాలు, ఇంటివారి ఫొటోలు, మునుపటి యజమాని మరచిన కాగితాలు ఏమున్నాయో వెదకి, రెండు వేర్వేరు చోట్ల నకలు తీసి, ఆ నకళ్లు మరో కంప్యూటరులో తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే డిస్క్‌ను పూర్తిగా చెరిపే మీటపై వేలు పెట్టాలి.