ప్రోటీన్ రెడీగానే ఉంది, మన ఫోనే తెరుచుకోదు

పోయిన నెల ఛార్జింగ్ పోర్ట్ పోయిన నా పాత ఫోన్‌ని అమీర్‌పేటలో ఒక రిపేర్ షాపుకి పట్టుకెళ్లా. హీట్ గన్‌తో పది నిమిషాలు కుస్తీ పడితే గానీ బ్యాక్ గ్లాస్ ఊడలేదు. ఊడేటప్పుడు పగిలింది కూడా. "వదిలెయ్ అన్నా" అన్నాడు. స్క్రాప్‌కి ఎంతొస్తుందని అడిగితే, "బోర్డుకే రేటు, మిగతాదంతా చెత్తే" అన్నాడు. ఆ చెత్తలోంచి స్పీకర్ తీసి స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టా. ఠక్కున అతుక్కుంది.

ఆ బుల్లి అయస్కాంతంలో ఉన్నది నియోడిమియం. ఈవీ మోటార్ల లాంటి చోట వేడి తట్టుకోవాలి కాబట్టి డిస్ప్రోసియం కూడా కలుపుతారు. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టిన ఏడు రేర్ ఎర్త్‌లలో డిస్ప్రోసియం ఒకటి. మన ఆటో కంపెనీలు ఎంత కంగారు పడ్డాయో గుర్తుందిగా.

ఈ రెండిటినీ విడదీయడమే పెద్ద తలనొప్పి, రసాయనికంగా దాదాపు కవలలు. ఇప్పటి పద్ధతిలో ఆర్గానిక్ సాల్వెంట్లతో పదుల, వందల దశల్లో కడుగుతూ పోవాలి. ఇక్కడికే లాన్‌మాడ్యులిన్ అనే ప్రోటీన్ వచ్చింది. (నేను ఎంపీసీ బ్యాచ్, బైపీసీ వాళ్లు క్షమించాలి.) 2018లో పెన్ స్టేట్ యూనివర్సిటీలో జోసెఫ్ కొట్రూవో టీమ్ దీన్ని ఒక బ్యాక్టీరియాలో కనిపెట్టింది. చుట్టూ క్యాల్షియం ఎంతున్నా పట్టించుకోదు, రేర్ ఎర్త్‌నే పట్టుకుంటుంది. 2023లో అదే టీమ్ ఓక్ చెట్టు మొగ్గల్లోని ఇంకో బ్యాక్టీరియా నుంచి దీని చుట్టాన్ని బయటపెట్టింది. దానికి నియోడిమియం దొరికితే రెండు ప్రోటీన్లు గట్టిగా జతకడతాయి, డిస్ప్రోసియం దొరికితే ఆ జత సరిగా నిలవదు. ఆ చిన్న తేడా చాలు. ప్రోటీన్‌ని కాలమ్‌లో పూసలకి అతికించి ద్రావణం పంపితే, ఒకే దశలో రెండూ 98 శాతం పైగా శుద్ధంగా విడిపోయాయి. సాల్వెంట్ లేదు, కొలిమి లేదు. ల్యాబ్ కాలమ్‌కీ ఫ్యాక్టరీకీ దూరం ఉంది, ఒప్పుకుంటా. కానీ నాకు అసలు దిగులు అది కాదు.

ఆ కాలమ్ దాకా మాగ్నెట్ వచ్చేదెలా? ఫోన్‌ని ష్రెడర్‌లో వేస్తే మాగ్నెట్ పొడై ఇనుప ముక్కలకి అంటుకుని వాటితో పాటే పోతుంది. ముందే తీద్దామంటే అంతా గమ్. మన 2022 ఈ-వేస్ట్ రూల్స్‌లో రీసైక్లర్లకి ఇచ్చే సర్టిఫికెట్లు కూడా బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియంతోనే మొదలయ్యాయి. లెక్కలో లేని లోహం కోసం స్పీకర్ విప్పే ఓపిక ఎవరికి? షాపతను అన్న "చెత్తే" అనే మాట రూల్ ప్రకారం కరెక్టే.

2025 సెప్టెంబర్‌లో కేంద్రం క్రిటికల్ మినరల్స్ రీసైక్లింగ్‌కి 1,500 కోట్ల ప్రోత్సాహక పథకం ఓకే చేసింది. మంచిదే. కానీ ప్లాంట్‌కి డబ్బిచ్చి, ఫోన్‌కి గమ్ పూసుకోనిస్తే ఏం లాభం? యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్ లేబుల్ మీద రిపేర్ గ్రేడ్ ఉంటోంది, ఏ నుంచి ఈ వరకు. అది ఇక్కడా కావాలి. అది వచ్చేలోపు మనం చేయగలిగింది ఒకటుంది: రివ్యూల్లో కెమెరాకి పది పేరాలు రాస్తాం కదా, బ్యాక్ ప్యానెల్ తీయడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, పగిలిందో లేదో ఒక్క లైన్ రాద్దాం. కామెంట్లలో మీరూ అడగండి.

ఆ స్పీకర్ ఇంకా నా డెస్క్ మీదే ఉంది. ప్రస్తుతానికి పేపర్ క్లిప్పులు పట్టుకుని కూర్చుంది.