మెతక రిఫరీ ఎవరి పక్షం?

ఫుట్‌బాల్ మ్యాచ్ ముగిశాక అభిమానుల మధ్య రేగే గొడవలో గోల్ కొట్టినవాడి పేరు కన్నా రిఫరీ పేరే ఎక్కువగా నలుగుతుంది. ‘ఆ తన్నుకి ఎర్ర కార్డు చూపకుండా ఎలా వదిలేశాడు?’ అని ఒకడు నిలదీస్తాడు. ‘అంత పెద్ద మ్యాచ్‌లో పది మందితో ఆడించమంటావా?’ అని రెండోవాడు ఎదురడుగుతాడు. ఫోన్ల పుణ్యమా అని ఈ వాదన పల్నాడులోని శావల్యాపురం లాంటి ఊళ్లకూ చేరింది. ఇందులో మా పక్షం మొదటివాడిదే. రిఫరీ చూపే మెతకదనం దయ కాదు. నియమానికి కట్టుబడి ఆడినవాడి మీద వేసే జరిమానా అది.

2010 జులై 11న జొహాన్నెస్‌బర్గ్‌లో స్పెయిన్, నెదర్లాండ్స్ తలపడిన ప్రపంచకప్ ఫైనల్ ఇందుకు సాక్ష్యం. 28వ నిమిషంలో డచ్ ఆటగాడు నైజెల్ డి యాంగ్ కాలెత్తి షాబీ అలోన్సో ఛాతీ మీద తన్నాడు. ఇంగ్లండ్ రిఫరీ హోవార్డ్ వెబ్ పసుపు కార్డుతో సరిపెట్టాడు. తనకు సరిగ్గా కనిపించలేదని, అది ఎర్ర కార్డు చూపాల్సిన తప్పేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆ వదిలివేతతో మైదానం చల్లబడిందా? లేదు. మ్యాచ్ ముగిసేసరికి పసుపు కార్డుల లెక్క 14కు చేరింది. అదనపు సమయంలో డచ్ ఆటగాడు హైటింగాను బయటకు పంపక తప్పలేదు.

కార్డులు ఎక్కువ చూపడమే కఠినత్వం అనుకోవడం కూడా పొరపాటే. 2006 జూన్ 25న న్యూరెంబర్గ్‌లో పోర్చుగల్, నెదర్లాండ్స్ ప్రపంచకప్ మ్యాచ్‌లో రష్యా రిఫరీ వాలెంటిన్ ఇవనోవ్ 16 పసుపు కార్డులు, నాలుగు ఎర్ర కార్డులు చూపాడు. ప్రపంచమంతా ఆయన్ని అతి కఠినుడని తిట్టింది. కానీ మొదలు చూడండి. ఏడో నిమిషంలోనే డచ్ ఆటగాడు బూలారుజ్ బూటు పోర్చుగల్ ఆటగాడు క్రిస్టియానో రొనాల్డో తొడ మీద పడింది. దానికి వచ్చింది పసుపు కార్డే. గాయపడ్డ రొనాల్డో మొదటి సగంలోనే మైదానం వీడాడు. గాయం చేసినవాడు మాత్రం 63వ నిమిషం దాకా ఆడుతూనే ఉన్నాడు. మొదటి తప్పు దగ్గర చెయ్యి వణికితే ఆఖర్లో ఎన్ని కార్డులు తీసినా ఆట దారికి రాదు.

‘ప్రతిదానికీ ఈల ఊదితే ఆట చచ్చిపోతుంది’ అనేవారి మాటలో కొంత నిజం లేకపోలేదు. అందుకే ఫుట్‌బాల్ నిబంధనల్లోనే మెట్లున్నాయి. అజాగ్రత్తగా తగిలితే ఫ్రీకిక్ చాలు, కార్డు అక్కర్లేదు. ఎదుటివాడికి ఏమవుతుందో లెక్కచేయకుండా దూకితే పసుపు. మితిమీరిన బలం వాడినా, ప్రాణం మీదికి తెచ్చేలా ఆడినా ఎర్ర కార్డు. ఫౌలైన జట్టుకే బంతి అనుకూలంగా ఉంటే ఆట సాగనిచ్చే వెసులుబాటు కూడా ఉంది. రిఫరీ విచక్షణకు ఇంత చోటిచ్చాక, అది ఫైనలా లీగ్ మ్యాచా, తన్నినవాడు స్టారా కొత్త కుర్రాడా అని చూసి మెట్టు దించడాన్ని విచక్షణ అనలేం. అది పక్షపాతం.

అయితే రిఫరీ నిర్ణయం నచ్చలేదని ఆట మానేసి పోవడాన్ని కూడా సమర్థించలేం. 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) నాకౌట్ మ్యాచ్ అదనపు సమయంలో బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్‌ను వెంటనే గోల్‌లోకి పంపాడు. తమ గోడ ఇంకా కుదురుకోలేదంటూ కేరళ బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ జట్టును మైదానం నుంచి తీసుకెళ్లిపోయాడు. భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ సంఘం క్లబ్బుకు రూ.4 కోట్ల జరిమానా, కోచ్‌కు పది మ్యాచ్‌ల నిషేధం విధించింది. అభిమానులు గగ్గోలు పెట్టినా ఆ శిక్ష సరైనదే. రిఫరీ తప్పు చేశాడనుకుంటే ఫిర్యాదుకు దారి ఉంది. అలిగి వెళ్లిపోయే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

అభిమానులు అడగాల్సింది రిఫరీ తలకాయను కాదు, ఆయన నిర్ణయానికి కారణాన్ని. 2023 మహిళల ప్రపంచకప్‌లో వీడియో సమీక్ష తర్వాత రిఫరీలు తమ నిర్ణయాన్ని మైకులో స్టేడియం మొత్తానికి వినిపించారు. అదే ఏడాది సెప్టెంబర్ 30న టోటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ కొట్టిన గోల్‌ను పొరపాటున ఆఫ్‌సైడ్‌గా కొట్టేశారు. దానిపై దుమారం రేగాక రిఫరీల సంభాషణల ఆడియోనే బయటపెట్టారు. అప్పుడు ఇంగ్లండ్ రిఫరీల సంస్థకు సారథి మరెవరో కాదు, 2010 ఫైనల్ ఆడించిన వెబ్. మన సమాఖ్య కూడా ఇదే పని చేయాలి. కారణం చెప్పని నిర్ణయం ఎంత సరైనదైనా అనుమానానికే దారితీస్తుంది.

రిఫరీలంటే పరాయి దేశస్థులే అనుకోనక్కర్లేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఆయన కొడుకు ఎస్.ఎస్.హకీం ఆటగాడిగా మొదలై ఫిఫా రిఫరీగా ఎదిగారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. తెలుగు నేల నుంచి అంతటి రిఫరీ వచ్చాడన్న సంగతే ఇప్పటి కుర్రాళ్లలో చాలామందికి తెలియదు.

ఈ చర్చ పల్నాడుకు పరాయిది కాదు. పందెంలో మోసం జరిగిందన్న అనుమానం ఎక్కడికి దారితీస్తుందో మన వీరగాథే చెబుతుంది. నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపోరు వలసకు దారితీసింది, చివరకు కారంపూడి రణరంగం దాకా వెళ్లింది. ఇప్పుడు మన ఊళ్లలో కబడ్డీ కోర్టుల దగ్గరా, వాలీబాల్ నెట్ల దగ్గరా అదే అనుమానం చిన్న రూపంలో కనిపిస్తుంది. కబడ్డీలోనూ ఆకుపచ్చ, పసుపు, ఎర్ర కార్డులున్నాయి. కానీ పండగ పోటీల్లో వాటిని తీసేవారేరి? ‘పోనీలే, మనూరి పిల్లోడే’ అన్న ఒక్క మాటతో అంపైర్ నోరు మూయించే పెద్దమనుషులే ఎక్కువ. 2023 డిసెంబర్ 26న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ క్రీడా పోటీలు ‘ఆడుదాం ఆంధ్రా’లో క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్‌లకు చోటు దొరికింది. ఫుట్‌బాల్‌కు దొరకలేదు. ఏ ఆటైనా ఊరూరా ఆడించాలంటే ఆడేవాళ్లతో పాటు ఆడించేవాళ్లనూ తయారుచేయాలి.

అందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. తలపడే రెండు ఊళ్లకూ చెందనివాడినే అంపైర్‌గా పెట్టాలి. ఆట మొదలయ్యే ముందు నియమాలు ఇరు జట్లకూ చదివి వినిపించాలి. అభ్యంతరం ఉంటే కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి. 2024 యూరో కప్‌లో అమలైన పద్ధతి ఇదే. అంపైర్ మీద చెయ్యి చేసుకున్నవాడిని, వాడు ఎవరి కొడుకైనా సరే, ఆ ఏడాది పోటీలన్నిటి నుంచీ తప్పించాలి. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ శాప్ మండలానికి కనీసం నలుగురు యువకులకు రిఫరీ శిక్షణ ఇప్పించాలి.

మొదటి తప్పుకే కార్డు తీయాలి, తీసిన కార్డును అందరూ ఒప్పుకోవాలి. వచ్చే సంక్రాంతి పోటీల నుంచే శావల్యాపురం మండల నిర్వాహకులు ఈ రెండూ అమలు చేసి, మిగతా పల్నాడుకు దారి చూపాలి.