విధాన సౌధ చూడడానికి మనకూ ఒక రోజు కావాలి

"మిల్లు కార్మికుడికి ఊరు చూడడం ఎందుకు? ఆ రోజు ఓటీ చేస్తే నాలుగు డబ్బులు వస్తాయి కదా!" ఈ మాట మన ఖాతాల్లో తరచు వింటున్నాం. సూపర్‌వైజరు అంటే అర్థం చేసుకోవచ్చు. మనవాళ్లే అంటున్నారు కనుక జవాబు చెప్పక తప్పదు. బెంగుళూరులో ఇరవై ఏళ్లు స్పిన్నింగులో నిలబడి కూడా, విధాన సౌధను బస్సు కిటికీలోంచి తప్ప చూడనివాళ్లు మనలో ఎందరో ఉన్నారు.

సోదర సోదరీమణులారా! ఆ భవనం ఎవరు కట్టారు? 1951 జూలై 13న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్య పట్టుబట్టి కట్టించారు. 1956లో పూర్తయింది. ఈ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. 700 అడుగుల పొడవున ఆ గ్రానైటు రాళ్లు ఎత్తినవాళ్లు సుమారు 5,000 మంది కూలీలు. చెక్కినవాళ్లు మరో 1,500 మంది రాతిపనివాళ్లు, మేస్త్రీలు, వడ్రంగులు. జైలు ఖైదీల చేత కూడా అక్కడ పని చేయించారు. వాళ్ల పేర్లు మనకెవరికీ తెలియవు. ముఖద్వారం మీద "ప్రభుత్వ పని దేవుని పని" అని చెక్కి ఉంది. మరి రాయి మోసినవాడి పని ఎవరి పని? పిల్లల్ని తీసుకెళ్లి ఆ 40 అడుగుల స్తంభాల్ని చూపించి, ఈ సంగతి చెప్పాలి. బళ్లో ఈ పాఠం ఉండదు.

పెద్ద ఖర్చేమీ లేదు. అంబేద్కర్ పేరున్న మెట్రో స్టేషనులో దిగితే ఎదురుగానే సౌధ. రోడ్డుకు ఇవతల 1868 నాటి ఎర్ర కట్టడం అఠారా కచేరి, అదే హైకోర్టు. దాని వెనుక 1870లో వేసిన కబ్బన్ పార్కు. చెట్టు కింద కాసేపు కూర్చోవచ్చు, ఎవరూ టికెట్టు అడగరు. 2025 జూన్‌లో సౌధ లోపల కూడా గైడుతో చూపించే ఏర్పాటు మొదలుపెట్టారు. అప్పుడు పెద్దలకు పెట్టిన టికెట్టు 50 రూపాయలు.

లోపలికి వెళ్లేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2023 ఫిబ్రవరిలో కర్ణాటక శాసనసభ ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించింది. రోజుకు 9 గంటలున్న పరిమితిని 12 దాకా పెంచుకునే వీలు కల్పించింది. మూడు నెలలకు 75 గంటలున్న ఓటీ పరిమితిని 144 చేసింది. వారానికి 48 గంటలు దాటదు కదా అన్నారు. పన్నెండు గంటలు మిషను ముందు నిలబడ్డ కాళ్లకు ఆ లెక్క వేరు.

మరో సంగతి. టికెట్టు కొన్నవాళ్లకు తలుపు తెరిచారు, సంతోషం. కాని ధర్నాలు, ఊరేగింపులు ఫ్రీడం పార్కులోనే చేసుకోవాలని 2021 నాటి పోలీసు ఉత్తర్వు. ఆ పార్కు ఒకప్పటి సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, అద్వానీ వంటివారిని పెట్టింది అక్కడే. చూడడానికి వచ్చేవాడికి సౌధ, అడగడానికి వచ్చేవాడికి పాత జైలు! సౌధ చూసినరోజే నడిచి వెళ్లి ఆ పార్కు కూడా చూడండి. రెండూ చూస్తేనే ఊరు చూసినట్టు.

అయితే అసలు చిక్కు రోజు దొరకడమే. భర్తకు మిల్లులో మంగళవారం ఆఫ్, భార్యకు గార్మెంట్సులో ఆదివారం ఆఫ్, పిల్లలకు బడి సెలవు ఆదివారం. ఒకే ఇంట్లో ఉంటూ కలిసి భోంచేయడానికే కుదరదు, ఇక ఊరు చూడడం ఎక్కడ? వారానికొక సెలవు అని 1948 చట్టంలోనే రాశారు. అది ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు, మన ముందువాళ్లు కొట్లాడి తెచ్చుకున్నది. ఆ సెలవును ఓటీకి అమ్ముకుంటూ పోతే, అది అక్కర్లేదని మనమే యాజమాన్యానికి రాసిచ్చినట్టవుతుంది.

అందుకని మా అభిప్రాయం ఇది. ప్రతి షిఫ్టుకూ నెలకు ఒక ఆదివారమైనా ఆఫ్ వచ్చేలా రొటేషను మార్చమని యాజమాన్యాన్ని అడగాలి. రాబోయే జనరల్ బాడీలో ఈ తీర్మానం పెడుతున్నాం. ఓటీ డబ్బు పోతుందని వెనకాడేవాళ్లు కూడా వచ్చి మాట్లాడండి. ఓటీ లేకుండా ఇల్లు గడవకపోతే, జీతం చాలడం లేదన్నమాట. ఆ లెక్క కూడా అక్కడే తేల్చుకుందాం.