ట్రాలీ కొనవలెనా, కిరాయికి తేవలెనా?

ఎరువు సొమ్ము బరువు చేటని తెలుగువారి సామెత. మెడలో వేసికొను నగ విషయమున అది నిజమే కావచ్చును. కాని మెదక్ పట్టణము చుట్టుపట్ల వరిపొలములలో తిరుగు యంత్రముల విషయమున ఆ సామెతను తిరుగవేసి చూడవలసిన కాలము వచ్చినది. అక్కడ చేటు తెచ్చునది తరచుగా ఎరువు సొమ్ము కాదు, సొంత సొమ్మే.

మెదక్ సీమ వరి సీమ. మంజీరపై 1905లో కట్టిన ఘనపురము ఆనకట్ట నీరు కాలువలలో పారి పొలములను తడుపుచున్నది. అది అందనిచోట చెరువులును, బోరుబావులును కలవు. వానకాలపు పంట కోతకు వచ్చు అక్టోబరు, నవంబరు మాసములలో పెక్కు మళ్లలో తడి ఆరదు. అట్టి నేలలో రెండు యంత్రములు మాత్రమే ధైర్యముగా దిగగలవు. దమ్ము చేయునపుడు ఇనుప చక్రములు తొడిగిన ట్రాక్టరు ఒకటి. కోతవేళ రబ్బరు పట్టాలపై నడచు వరికోత యంత్రము రెండవది. ఈ రెండవదానిని రైతులు చైను మిషను అందురు. చక్రముల కోతయంత్రము దిగబడు నేలలో ఇది తేలికగా సాగిపోవును.

అయితే బురదలో ఇంత పౌరుషము చూపు ఈ యంత్రములు తారురోడ్డు ఎక్కగనే నిస్సహాయములగును. ఇనుప చక్రముల ట్రాక్టరు రోడ్డుపై నడచినచో దాని పళ్లు తారును చీల్చివేయును. వర్షము ఆ గాట్లలో నిలిచి, గాటు గుంతయై, గుంత గొయ్యి యగును. మరుసటి నెలలో ఆ గోతిలో పడునది ఆ రైతు కుమారుని సైకిలే కావచ్చును. చైను మిషను సంగతి వేరు. అది రోడ్డును అంతగా పాడుచేయదు, తానే పాడగును. వేడెక్కిన తారుపై మైళ్లకొలది నడిపిన రబ్బరు పట్టా అరిగిపోవును. పట్టా మార్చుట సామాన్యమైన ఖర్చు కాదు. నడకయు మిక్కిలి మందము.

కావున బండిని మోయుటకు మరియొక బండి కావలసివచ్చినది. నాగలిని భుజముపై వేసికొని పొలమునకు పోయిన రైతు మనుమడు, నేడు యంత్రమును ట్రాలీపై వేసికొని పోవలసిన స్థితి ఏర్పడినది. ఆ ట్రాలీని కొనుటయా, కిరాయికి తెచ్చుటయా అన్నదే ప్రశ్న.

ధాన్యము మోయు ట్రాలీ ఇంట ఉన్నది గదా, అది చాలదా అని కొందరు తలంతురు. చాలదు. చైను మిషను బరువు ఇంచుమించు మూడు టన్నులు. దాని కోతపళ్ల వెడల్పు సుమారు 2 మీటర్లు. ధాన్యపు ట్రాలీ అంతస్తు ఎత్తు, పక్కపలకలు అడ్డము. గట్టు పక్కన నిలిపి, మట్టి దిబ్బమీదుగా యంత్రమును ఎక్కించుట చూచువారికి వేడుకగానే ఉండును, నడుపువానికి ప్రాణసంకటము. ఇందుకు కావలసినది నేలకు దగ్గరగా, చదునుగా ఉండి, వెనుక రెండు బలమైన ఇనుప పలకలు వాల్చుకొనగల ట్రాలీ. దానికి మంచి బ్రేకులు ఉండవలెను; వెనుక ఎఱ్ఱని మెరుపు పట్టీలు ఉండవలెను. రాత్రివేళ చీకటిలో కలిసిపోవు ట్రాలీ ఎన్ని ఇండ్లలో దీపము ఆర్పినదో పల్లెవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక లెక్క. ఇది ఉన్నత పాఠశాలలో గణిత ఉపాధ్యాయుడు నల్లబల్లపై వేయదగిన లెక్కయే. అట్టి ట్రాలీ వెల 4 లక్షల రూపాయలు అనుకొనుడు. అంగడి ధర ఇది కాదు, లెక్కకొరకు తీసికొన్న అంకె మాత్రమే. నూటికి పది వంతున ఏటి వడ్డీ 40,000. పదేండ్లలో అరిగిపోవునని తలచినచో ఏటి అరుగుదల మరి 40,000. టైర్లు, మరమ్మతు, బీమా కలిపి 20,000. అనగా ట్రాలీ ఇంటిముందు కదలక నిలుచున్నను, ఏటికి లక్ష రూపాయలు తినుచున్నది. రోజు కిరాయి 4,000 అయినచో, ఏడాదికి 25 రోజులకంటె ఎక్కువ పని ఉన్నవాడు కొనవచ్చును. తక్కువ పని ఉన్నవాడు కిరాయికి తెచ్చుకొనవలెను. అప్పు తీరుచున్న కొలది వడ్డీ తగ్గును గదా అని తెలివైన విద్యార్థి అడుగవచ్చును. నిజమే. కాని పాతబడిన కొలది మరమ్మతు పెరుగును. ఒకటి మరియొకదానిని మింగివేయును.

ఈ లెక్క ప్రకారము కోతయంత్రమును వృత్తిగా నడుపువాడు ట్రాలీ కొనుటే మేలు. అతడు పంట పండిన వరుసను బట్టి ఊరూరు తిరుగును. ప్రతి కదలికకు లారీ కిరాయి పోయుట అతనికి గిట్టదు. నాలుగైదు ఎకరముల రైతుకు ఏటికి నాలుగైదు రోజులకు మించి అవసరము లేదు. అతడు కొనుట అవివేకము.

అవివేకమని తెలిసియు ఎందుకు కొనుచున్నాడు? గొప్పకొరకే అని తేల్చివేయువారు పట్టణపు వరండాలలో కూర్చున్నవారు. గొప్ప కొంత లేకపోలేదు. వాకిట యంత్రము నిలిచిన ఇంటికి సంబంధములు వచ్చునన్న ఆశయు లేకపోలేదు. కాని అసలు కారణము భయము. లెక్కలో 25 రోజులు అని వ్రాయుట సులభము. పొలములో ఆ రోజులు ఏడాది పొడవున చల్లబడి ఉండవు. ఊరి పంట అంతయు ఒకే పక్షములో పండును. అందరికిని ఒకే వారమున ట్రాలీ కావలెను. మబ్బు పట్టిననాడు కిరాయి ఎంతకైనను ఎగబ్రాకును; పెద్ద రైతు చేను ముందు కోయబడును, చిన్నవాని చేను చివరకు మిగులును. వడగండ్లు కురిసి గింజ రాలిన పిదప ట్రాలీ వచ్చి ఏమి ప్రయోజనము? కిరాయి చౌక అన్నవారు ఈ వేచియుండుట ఖరీదును లెక్కలో వేయుట లేదు. గణితశాస్త్రము తప్పు కాదు. ప్రశ్నలో ఒక అంకె విడిచిపెట్టబడినది.

అట్లని ప్రతివాడును కొనినచో ఆ ఖరీదు తీరునా? వాకిట వాకిట ఒక్కొక్క ట్రాలీ, ఒక్కొక్క అప్పు నిలుచును. పైగా వ్యవసాయమునకని బీమా చేయించిన బండిని అప్పు తీర్చుటకై కిరాయికి త్రిప్పినచో, ప్రమాదము జరిగిననాడు బీమా కంపెనీతో వివాదము వచ్చిపడవచ్చును.

మిగిలిన మార్గము కలిసి కొనుట. 1958లో జర్మనీలోని బవేరియా ప్రాంతమున, బూఖోఫెన్ అను గ్రామములో, ఎరిక్ గైయెర్స్‌బెర్గర్ అనునతడు రైతులచేత యంత్రముల కూటమిని కట్టించెను. ఒకరి యంత్రము మరియొకరి పొలములో పనిచేయును. వెల ముందే నిర్ణయింపబడును. పద్దు ఒకచోట వ్రాయబడును. ఆ పద్ధతి పిమ్మట ఆ దేశమంతట వ్యాపించినది. భారత ప్రభుత్వమును 2014–15 నుండి వ్యవసాయ యంత్రముల అద్దె కేంద్రములకు సాయము చేయుచున్నది.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చునన్న మరియొక సామెత ఇచట అడ్డు వచ్చును. దానిని కొట్టివేయుటకు వీలులేదు. అందరిదైన ట్రాలీకి గాలి కొట్టించువాడు ఎవడు? పగిలిన పలకకు వెల్డింగు చేయించువాడు ఎవడు? అయితే తెలంగాణ పల్లెలకు ఉమ్మడి సొత్తు క్రొత్తది కాదు. చెరువునీరు ఉమ్మడి. దానిని వంతుల ప్రకారము మళ్లకు వదలుటకు నీరటి ఉండెను. తూము తెరచుట, మూయుట అతని పని. ఎవరి మడి ఎప్పుడు తడియవలెనో అతనికి తెలియును. అందుకు ఊరు అతనికి గింజలు కొలిచియిచ్చెను. చెరువు నిలిచినది అందరిదగుటచేత కాదు, దానికి ఒక నీరటి ఉండుటచేత. ట్రాలీకిని అట్టి మనిషి ఒకడు కావలెను, అతనికి జీతము కావలెను, వంతును దాటి ముందు నడుప జూచు పెద్దరైతుకు కాదని చెప్పగల అధికారము కావలెను. ఈ మూడవది లేనిచో మొదటి రెండును వృథా.

ఇందుకు క్రొత్త కార్యాలయము తెరువనక్కరలేదు. ధాన్యము కొనుగోలు కేంద్రములను నడుపు ప్రాథమిక సహకార సంఘములు ఉన్నవి. ఎవరి చేను ఎన్ని ఎకరములో, ఎవరి ధాన్యము ఎప్పుడు రానున్నదో తెలిసికొనక ఆ పని సాగదు. అదే పుస్తకములో మరియొక గడి గీచి, నాట్ల తేదీని బట్టి ట్రాలీ వంతును వ్రాయవచ్చును. కోతకు మూడు వారముల ముందే ఆ పుటను సంఘము గోడకు అంటించినచో, అక్షరము వచ్చిన ప్రతి పిల్లవాడును తన తండ్రి వంతు ఎన్నవదో చదివి ఇంటికి పోయి చెప్పగలడు.