బోధించేవారికీ పరీక్ష ఉండాలి

పట్టా చేతికి రాగానే చదువు ముగిసిందని భావించే వృత్తి ఏదైనా ఉంటే, ఆ వృత్తిని నమ్ముకొని వచ్చే సామాన్యుని గతి ఏమి కావలె? వైద్యుని విషయంలో ఈ ప్రశ్నకు మన దేశంలో కొంత సమాధానం దొరికింది. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి, వైద్యుడు అయిదేళ్ళకు కనీసం 30 గంటలు నిరంతర విద్యలో పాల్గొనాలని చెప్పింది. న్యాయవాదుల విషయంలో మాత్రం 1961 నాటి న్యాయవాదుల చట్టం అటువంటి విధిని నిర్దేశించలేదు. సదస్సులు, ఉపన్యాసాలు జరపడం బార్ కౌన్సిళ్ళ పనులలో ఒకటని మాత్రం పేర్కొన్నది. బార్ కౌన్సిల్ 2010లో ప్రవేశపెట్టిన అఖిల భారత పరీక్షను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023లో సమర్థించింది. మంచిదే. కాని అది ఒక్కమారు దాటవలసిన గడప మాత్రమే. దాటిన తరువాత నలభై ఏళ్ళు నల్లకోటు ధరించినా, ఏమి చదివినావని అడిగేవారు లేరు.

ఈ లోపం ఎంతటిదో 2024 జూలై 1న తేటతెల్లమైంది. ఆనాడు 1860 నాటి శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం, 1973 నాటి నేర విచారణ స్మృతి తప్పుకొని, వాటి స్థానంలో మూడు కొత్త చట్టాలు అమలులోకి వచ్చినవి. శిక్షాస్మృతిలోని 511 సెక్షన్ల స్థానంలో న్యాయ సంహితలో 358 నిలిచినవి. మోసగానిని ‘ఫోర్ ట్వంటీ’ అనడం జనవాక్కులో మిగిలింది గాని, ఆ నేరం 318వ సెక్షన్‌కు తరలిపోయింది. ఆనాటికి ముందు జరిగిన నేరానికి పాత స్మృతి, తరువాతి నేరానికి కొత్త సంహిత వర్తిస్తాయి. ఈ రెంటినీ ఏకకాలంలో ఎరిగి ఉండవలసిన న్యాయవాదికి నేర్పే బాధ్యత ఎవరిది? నేర్పేవారి యోగ్యతను నిర్ణయించేది ఎవరు?

ఈ రెండవ ప్రశ్నను గూర్చి అమెరికా అనుభవం మనకు ఉపకరిస్తుంది. అక్కడ మిన్నెసోటా, అయోవా రాష్ట్రాలు 1975లో న్యాయవాదుల నిరంతర విద్యను తప్పనిసరి చేసినవి. క్రమంగా అత్యధిక రాష్ట్రాలు ఆ బాట పట్టినవి. మిన్నెసోటాలో మూడేళ్ళకు 45 గంటలు, కాలిఫోర్నియాలో 25 గంటలు చదువు పూర్తి చేయాలి. అయితే గంటల లెక్కకన్న మనం గమనించవలసినది మరొకటి ఉన్నది. ఆ చదువు చెప్పే సంస్థ కూడా ముందుగా ఆమోదం పొందవలసి ఉంటుంది.

కాలిఫోర్నియా పద్ధతినే చూతము. బోధనాంశం న్యాయవాద వృత్తికి నేరుగా సంబంధించినదై, వర్తమాన విలువ కలదై ఉండాలి. ఉపన్యాసకునికి ఆ విషయంలో చెప్పుకోదగిన వృత్తి అనుభవమో, విద్యానుభవమో ఉండాలి. గంటకు మించిన తరగతి అయితే, సారవంతమైన లిఖిత పాఠాన్ని అందించాలి. హాజరు పట్టికలను నాలుగేళ్ళు భద్రపరచాలి. తరగతి ఎట్లా ఉన్నదో విన్నవారినే అడిగి, వారి అభిప్రాయాలను దాచి ఉంచాలి. రాష్ట్ర బార్ ప్రతినిధి ఎప్పుడు వచ్చినా, రుసుము అడగకుండా కూర్చోనివ్వాలి. ఒక్క కార్యక్రమానికి విడిగా అనుమతి కోరవచ్చు. తరచుగా జరిపే సంస్థ తన గత కార్యక్రమాలను చూపి, మూడేళ్ళ ఆమోదం పొందవచ్చు. అంటే పేరు ప్రతిష్ఠలు చాలవు, చేసిన పని చూపాలి.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. కుర్చీలో కూర్చున్న గంటలు లెక్కించినంత మాత్రాన జ్ఞానం పెరుగుతుందా అని అడిగేవారు ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇంగ్లండులో సొలిసిటర్లకు ఉండిన గంటల నియమాన్ని 2016లో పూర్తిగా తొలగించి, తనకు ఏమి కొరతగా ఉన్నదో తానే గుర్తించి నేర్చుకొనే బాధ్యతను న్యాయవాదిపైనే ఉంచినారు. చదువు వ్యాపారమవుతుందనీ, జిల్లా కోర్టులో కొత్తగా చేరిన యువకుడు రుసుము ఎక్కడ తెస్తాడనీ మరొక ఆక్షేపణ. అదీ త్రోసివేయదగినది కాదు.

అయినా ఈ ఆక్షేపణలు గంటల లెక్కను ఖండిస్తాయే గాని, గురువును పరీక్షించే నియమాన్ని ఖండించవు. పైగా వ్యాపారభయం ఉన్నచోటనే ఆ నియమం మరింత అవసరం. నా అభిప్రాయం ఇది: మన బార్ కౌన్సిల్ నిరంతర విద్యను ఏనాడైనా తప్పనిసరి చేయదలిస్తే, న్యాయవాది మెడకు గంటలు కట్టడానికి ముందు బోధనా సంస్థకు నియమాలు కట్టాలి. లిఖిత పాఠం, యోగ్యుడైన ఉపన్యాసకుడు, విన్నవారి అభిప్రాయం, ఆకస్మిక తనిఖీ, అందుబాటులో రుసుము, మాతృభాషలో వివరణ – ఈ ఆరింటిలో ఏది లోపించినా ఆమోదం ఇవ్వరాదు.

ఇందులో మన కళాశాల వంటి సంస్థకు పని లేదని అనుకోరాదు. నిజాం కాలపు సేత్వార్లు, ఇనాం విచారణల ముంతఖబ్‌లు, నాటి కోర్టు తీర్పులు ఉర్దూలో ఉన్నవి. వాటిలోని తేదీలు ఫస్లీ లెక్కలో ఉన్నవి. 1358 ఫస్లీ అంటే 1948-49 అని తెలియని న్యాయవాది, కక్షిదారు తాతగారి భూమిని ఏ కాగితంతో నిలబెట్టగలడు? అనువాదకుడు చెప్పినదే వేదవాక్కుగా వాదించవలసి వస్తుంది. ఒక్క మాట తప్పు చదివితే ఒక కుటుంబం పొలం పోగొట్టుకోవచ్చు. ఉర్దూ, తెలుగు రెండూ ఒకే కప్పు క్రింద బోధించే విద్యాలయానికి ఈ విద్య నేర్పే అర్హత సహజంగా ఉన్నది. అయితే సహజమైన అర్హత ఆమోదయోగ్యమైన అర్హత కావలెనంటే పరిశ్రమ కావాలి. పాలక సంఘం పెద్దలు రెండు భాషాశాఖల అధ్యాపకులను, భూవ్యాజ్యాలలో ఆరితేరిన న్యాయవాదులను ఒకచోట చేర్చి, పాత దస్తావేజులు చదవడంపై చిన్న పాఠ్యక్రమం తయారు చేయించాలి. పాఠం అచ్చు వేయించాలి, హాజరు వ్రాయించాలి, వచ్చినవారి విమర్శను స్వీకరించాలి. ఎవరో ఆజ్ఞాపించే దాకా ఆగనక్కరలేదు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు న్యాయవాదులు అవుతారు. మరికొందరు న్యాయవాది గుమ్మం ముందు కక్షిదారులై నిలబడతారు. కోర్టులో వాదించేవాడు నిన్నటి చట్టం చదివినవాడైతే, ఆ నష్టం అతనిది కాదు, అతనికి వకాలతు ఇచ్చినవానిది. కాబట్టి న్యాయవాదికి గురువెవరు, ఆ గురువును పరీక్షించినదెవరు అని అడిగే హక్కు మనందరికీ ఉన్నది.