వెల్డర్ పీల్చే పొగను కొలిచేదెవరు?

ఇబ్రహీంపట్నం: సాగర్ రోడ్డు వెంట వెల్డింగు షాపులకు పని కరువు లేదు. చుట్టుపక్కల వెంచర్లు, కొత్త ఇళ్ళు లేచేకొద్దీ గేట్లు, గ్రిల్సు, రేకుల షెడ్లు కావాలి. రైతుల ట్రాలీల మరమ్మతులు ఎలాగూ వుంటాయి. ఈ పనివారు కళ్ళకు నల్లద్దం పెట్టుకుంటున్నారు. ముక్కుకు మాత్రం తువాలే దిక్కు, అదీ చుట్టుకుంటే.

వెల్డింగు పొగ కట్టెల పొగ వంటిది కాదు. ఆవిరైన లోహమే గాలి తగిలి సన్నని రేణువులుగా మారుతుంది. అవి చాలావరకు మైక్రాన్ కంటే చిన్నవి. తువాలు నేత వాటిని ఆపలేదు. ఇనుము అతికేటప్పుడు వచ్చే పొగలో మాంగనీసు వుంటుంది. ఏళ్ళ తరబడి ఎక్కువగా పీలిస్తే చేతులు వణకడం, నడక తడబడడం జరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో క్రోమియం, నికెల్ వుంటాయి. జి.ఐ. పైపులు అతికిన సాయంత్రం చలిజ్వరం వచ్చి, మర్నాటికి దిగిపోతే అది జింకు పొగ చేసిన పని. దిగిపోయింది గనుక డాక్టరు దాకా వెళ్ళేవారు వుండరు. వెల్డింగు పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2017లోనే తేల్చింది. బెల్లం ముక్క తింటే పొగ విరుగుతుందన్న నమ్మకం మాత్రం పనివారిలో ఇంకా పోలేదు. ఊపిరితిత్తుల్లోకి పోయిన లోహాన్ని బెల్లం ఏం చేయగలదు?

కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. నడుముకు చిన్న పంపు, మెడ దగ్గర తూచి పెట్టిన ఫిల్టరు బిగించి రోజంతా పని చేయనిస్తారు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 8 గంటల్లో 960 లీటర్ల గాలి ఫిల్టరు గుండా పోతుంది. సాయంత్రం మళ్ళీ తూస్తారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలికి 5 మిల్లీగ్రాములు. అంటే ఫిల్టరు బరువు 4.8 మిల్లీగ్రాములు పెరిగితే చాలు, హద్దుకు చేరినట్లే.

చిక్కంతా ఇక్కడే. చట్టం పొగను కాక తలలను లెక్కపెట్టింది. పాత చట్టం కింద కరెంటుతో నడిచే చోట 10 మంది పనివారుంటేనే ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 20 చేసింది. ఆదిభట్లలోని పెద్ద కర్మాగారాలు లెక్కలోకి వస్తాయి. ఇద్దరు ముగ్గురితో నడిచే రోడ్డు పక్క షాపు ఎందులోకీ రాదు. ప్రమాదకరమైన పనైతే ఒక్క పనివాడున్న చోటికి కూడా వర్తింపజేసే వీలు కొత్త కోడ్‌లో వుంది. అందుకు ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి.

"ఆరుబయట పనే కదా, పొగ గాలికి పోతుంది" అనే వాదన వుంది. పోతుంది నిజమే, వంగిన మనిషి ముఖాన్ని తాకిన తర్వాత. పక్క నుంచి ఫ్యాను పెట్టుకోవడం, పొగకు ఎదురుగా గాక ఓరగా కూర్చోవడం, అతికే చోట జింకు పూత ముందే అరగదీయడం పెద్ద ఖర్చు పనులు కావు. ముఖానికి సరిగా అమరిన ఎన్-95 మాస్కు రేణువులను ఆపుతుంది గాని, వాటితో పాటు వచ్చే వాయువులను ఆపదు. ఇంతకూ ఏ షాపులో ఎంత పొగ వుందో తెలియాలంటే, పంపూ ఫిల్టరూ పట్టుకుని అధికారులు ఒక్క రోజైనా ఈ రోడ్డుకు రావాలి.