గీస్తే తెలుస్తుంది

పెళ్లిళ్లలో పెద్దవాళ్లు వరసలు చెబుతుంటే వినడానికి సరదాగా ఉంటుంది. అర్థం కావడమే కష్టం. "ఆయనెవరనుకున్నావ్? మీ నానమ్మ ఆడపడుచు గారి పెద్దబ్బాయి కొడుకు. నీకు బావ వరస" అంటుంది పెద్దమ్మ. మనం తలూపుతాం గానీ, ఆడపడుచు దగ్గరే దారి తప్పి ఉంటాం. ఇంతలో ఎవరో శుభలేఖ వెనక నాలుగు సున్నాలు చుట్టి, వాటిని గీతలతో కలుపుతారు. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది.

మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నాలుగోది వచ్చేసరికి మొదటిది జారిపోతుంది. కాగితం మీద అన్నీ ఒక్కచోటే నిలబడతాయి. గుర్తుపెట్టుకునే బరువు దిగిపోతే, మనసుకు ఆలోచించే తీరిక దొరుకుతుంది.

బడిలో గుండె పాఠం గుర్తుందా? కుడి కర్ణిక, కుడి జఠరిక, ఊపిరితిత్తులు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక... గడగడా అప్పజెప్పేవాళ్లం. పటం గీయమంటే మాత్రం పెన్సిల్ ఆగేది. బొమ్మలో కుడి కర్ణిక మనకు ఎడమవైపు ఉంటుంది మరి! అదొక తికమక. పైగా బాణం గుర్తు పెట్టాలంటే రక్తం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో తేల్చుకోవాలి. నోటితో చెప్పేటప్పుడు తెలియనిచోట గబగబా దాటేయొచ్చు. బాణం అలా దాటనివ్వదు.

గొప్పవాళ్లకూ గీసి చూసుకునే అవసరం తప్పలేదు. 1837లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో చార్లెస్ డార్విన్ తన నోటుపుస్తకంలో ఒక వాక్యం మొదలుపెట్టి, దాన్ని పూర్తి చేయకుండానే బొమ్మలోకి దిగిపోయాడు. కొమ్మలు చీలిన చిన్న చెట్టు అది. అందంగా ఏమీ ఉండదు. జీవజాతులకు ఒకదానితో ఒకదానికి ఉన్న చుట్టరికాన్ని ఆ గీతల్లో వెతుక్కున్నాడు. 1859లో వచ్చిన ఆయన ప్రసిద్ధ గ్రంథంలో ఉన్నది ఒకే ఒక్క పటం. అదీ కొమ్మలుగా చీలే గీతలదే. మన పెద్దమ్మ చెప్పిన వరసల్లాంటిదే, కాకపోతే మరీ పెద్ద కుటుంబం.

ఇల్లు కట్టేముందు మేస్త్రీ నేల మీద ముగ్గు పోస్తాడు. ఆ గీతలు ఇల్లు కాదు, ఎవరూ వాటిని ముచ్చటపడి చూడరు. కానీ వంటిల్లు ఇరుకైందని తెలిసేది అప్పుడే, చెరిపి మళ్లీ గీసుకునే వీలున్నదీ అప్పుడే. పిల్లల పటాలూ అలాంటివే. మనం వాటిలో అందం చూస్తాం. స్కేలు పెట్టి, రంగులు దిద్ది, చార్టు మీదికెక్కిన బొమ్మకు మురిసిపోతాం. లెక్కల పుస్తకం అంచున నాన్న వయసుకో పొడుగు గీత, కొడుకు వయసుకో పొట్టి గీత గీసుకుని, రెంటినీ మార్చి మార్చి చూసే పిల్లవాడు మన కంటపడడు. పడినా పిచ్చిగీతలనుకుంటాం.

"ఏదీ, అప్పజెప్పు" అనే అలవాటు మనకు తరాలుగా ఉంది. అదీ మంచిదే. అప్పుడప్పుడు "ఏదీ, గీసి చూపించు" అనీ అనొచ్చేమో. బాణం ఎక్కడ ఆగిందో వాడికీ తెలుస్తుంది, మనకూ తెలుస్తుంది. అక్కణ్నుంచి ఇద్దరం కలిసి వెతుక్కోవచ్చు.